అభిప్రాయం చెప్పినందుకు ఉద్యోగం పోతే: బ్రిటన్ ట్రైబ్యునళ్లు గీసిన గీత

స్త్రీ పురుష భేదం శరీరాన్ని బట్టి పుట్టుకతోనే ఏర్పడుతుందని, మనిషి తన గురించి తాను మనసులో అనుకునే జెండర్ గుర్తింపు ఎంత గాఢమైనదైనా ఆ భేదాన్ని మార్చలేదని, చట్టాలు రాసేవారు ఈ సంగతిని మరిచిపోకూడదని నమ్మేవారిని బ్రిటన్‌లో 'జెండర్ క్రిటికల్' అభిప్రాయాలు ఉన్నవారు అంటారు. ఈ మాటను సొంత సోషల్ మీడియా ఖాతాలో చెప్పినందుకు 2018 తర్వాత అక్కడ పలువురు ఉద్యోగులు విచారణలు ఎదుర్కొన్నారు. కొందరికి కాంట్రాక్టు పొడిగింపు దక్కలేదు, కొందరు నెలల తరబడి సస్పెన్షన్‌లో ఉండిపోయారు, కొందరు తోటివారి వెలిని భరించలేక తామే రాజీనామా ఇచ్చారు. ఉద్యోగ వివాదాలను తేల్చే ఎంప్లాయ్‌మెంట్ ట్రైబ్యునల్ మెట్లెక్కినవారిలో పలువురు గెలిచారు, కొందరు ఓడిపోయారు. పైకి ఒకేలా కనిపించే ఈ కేసుల్లో ఒకరు గెలవడానికి, మరొకరు ఓడిపోవడానికి కారణమేమిటో చూస్తే, ఉద్యోగి నమ్మకం విషయంలో యజమాని ఎక్కడిదాకా వెళ్లవచ్చు, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నకు అక్కడి న్యాయస్థానాలు ఇచ్చిన సమాధానం బోధపడుతుంది. ఆ సమాధానం సరైనదే. కానీ అది ఉద్యోగి చేతికి అందేసరికి జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోతోంది.

వివాదం రాజుకున్న సమయం ముఖ్యమైనది. బ్రిటన్‌లో 2004 నాటి జెండర్ గుర్తింపు చట్టం ప్రకారం ఒక వ్యక్తి తన లింగాన్ని చట్టపరంగా మార్చుకోవాలంటే వైద్యుల నిర్ధారణ ఉండాలి, కనీసం రెండేళ్లు ఆ జెండర్‌లో జీవించినట్టు ఆధారాలు చూపాలి. ఈ షరతులను సడలించి, సొంత ప్రకటనకు ఎక్కువ విలువ ఇవ్వాలా అన్న అంశంపై ప్రభుత్వం 2018 జులై నుంచి అక్టోబర్ దాకా ప్రజాభిప్రాయం సేకరించింది. ప్రభుత్వమే అభిప్రాయం చెప్పమని అడిగింది కాబట్టి పౌరులు చెప్పారు. అలా చెప్పినవారిలో కొందరికి ఆఫీసులో తలుపులు మూసుకుపోవడం ఈ కథలోకెల్లా విచారకరమైన భాగం.

మాయా ఫోర్‌స్టేటర్ అంతర్జాతీయ అభివృద్ధి, పన్ను విధానాలపై పనిచేసే పరిశోధకురాలు. వాషింగ్టన్ ప్రధాన కేంద్రంగా ఉన్న సెంటర్ ఫర్ గ్లోబల్ డెవలప్‌మెంట్ అనే మేధో సంస్థకు లండన్‌లో ఉన్న శాఖలో ఆమె విజిటింగ్ ఫెలో. 2018లో ఆమె ట్విట్టర్‌లో ఈ చట్ట సవరణపై వరసగా రాశారు. పురుషులు స్త్రీలుగా మారలేరన్నది ఆమె వాదనలో కీలకం. వారంలో కొన్ని రోజులు స్త్రీల దుస్తుల్లో, స్త్రీ పేరుతో ఆఫీసుకు వచ్చే ఒక బ్యాంకు ఉన్నతాధికారిని ఒక పత్రిక అత్యుత్తమ మహిళా అధికారుల జాబితాలో చేర్చినప్పుడు, ఆ ఎంపికను ప్రశ్నిస్తూ ఆమె కటువుగానే రాశారు. సంస్థలోని కొందరు సిబ్బంది, ముఖ్యంగా వాషింగ్టన్ కార్యాలయంలోనివారు, ఆ ట్వీట్లు తమను బాధించాయని ఫిర్యాదు చేశారు. 2018 డిసెంబర్ చివరితో ఆమె ఫెలోషిప్ ముగిసింది. దాన్ని పొడిగించలేదు. అప్పటిదాకా మాటల్లో ఉన్న ఉద్యోగ కాంట్రాక్టు కూడా రాలేదు.

బ్రిటన్‌లోని 2010 సమానత్వ చట్టం తొమ్మిది లక్షణాలకు రక్షణ కల్పిస్తుంది. వయసు, వైకల్యం, జాతి, లింగం, లైంగిక ధోరణి వంటివాటితో పాటు 'జెండర్ మార్పిడి' అందులో ఒకటి, 'మతం లేదా నమ్మకం' మరొకటి. నమ్మకం అంటే దేవుడికి సంబంధించినదే కానక్కరలేదు. ఈ సంగతిని తేల్చింది 2009 నాటి గ్రెయింజర్ కేసు. ఒక ఆస్తుల కంపెనీలో పర్యావరణ సుస్థిరత విభాగాధిపతిగా పనిచేసిన టిమ్ నికల్సన్, వాతావరణ మార్పుపై తనకున్న నమ్మకం కారణంగానే తనను తొలగించారని కేసు వేశారు. ఆ సందర్భంలో అప్పిలేట్ ట్రైబ్యునల్ ఐదు కొలబద్దలు పెట్టింది. నమ్మకం నిజాయతీగా ఉండాలి. అది ఈరోజు దొరికిన సమాచారాన్ని బట్టి రేపు మారిపోయే ఉత్త అభిప్రాయం కాకూడదు. మనిషి జీవితంలో బరువైన విషయానికి సంబంధించినదై ఉండాలి. దానిలో పొందిక, గాంభీర్యం ఉండాలి. చివరిది, అసలు చిక్కంతా తెచ్చిపెట్టినది: అది ప్రజాస్వామ్య సమాజంలో గౌరవించదగినదై ఉండాలి, మానవ గౌరవానికీ ఇతరుల ప్రాథమిక హక్కులకూ విరుద్ధంగా ఉండకూడదు.

2019 డిసెంబర్ 18న లండన్ ఎంప్లాయ్‌మెంట్ ట్రైబ్యునల్ న్యాయమూర్తి జేమ్స్ టేలర్, ఫోర్‌స్టేటర్ నమ్మకం మొదటి నాలుగు కొలబద్దల్లో నెగ్గిందని, ఐదో దానిలో ఓడిపోయిందని తీర్పు ఇచ్చారు. ఎదుటి మనిషి గౌరవం దెబ్బతిన్నా సరే తాను అనుకున్న లింగంతోనే పిలుస్తానని పట్టుబట్టడం ఆమె నమ్మకంలో విడదీయలేని భాగమని, అలాంటి నమ్మకం ప్రజాస్వామ్యంలో గౌరవానికి అర్హం కాదని ఆయన భావించారు. మరుసటి రోజే రచయిత్రి జె.కె. రౌలింగ్ ఆమెకు మద్దతుగా ట్వీట్ చేయడంతో, ట్రైబ్యునల్ గదిలో సాగిన ఒక సాంకేతిక చర్చ ప్రపంచమంతా తెలిసిన వివాదమైంది.

ఆ తీర్పులోని లోపం చాలా లోతైనది. గౌరవించదగిన నమ్మకం, గౌరవించరాని నమ్మకం అన్న విభజనను ఒక న్యాయమూర్తి తన కాలపు మర్యాదల ప్రకారం చేయడం మొదలుపెడితే, మైనారిటీలో ఉన్న ఏ అభిప్రాయానికీ రక్షణ మిగలదు. అందరూ ఒప్పుకునే నమ్మకానికి చట్టం అండ అసలు అవసరమే లేదు. అప్పిలేట్ ట్రైబ్యునల్ అధ్యక్షుడు జస్టిస్ చౌధురి 2021 జూన్ 10న ఈ లోపాన్ని సరిదిద్దారు. నాజీయిజం, నిరంకుశవాదం స్థాయిలో ఇతరుల హక్కులను నాశనం చేయజూసే నమ్మకాలు మాత్రమే ఐదో కొలబద్ద దగ్గర ఓడిపోతాయని, కొందరికి నొప్పి కలిగించినంత మాత్రాన ఒక నమ్మకం రక్షణ కోల్పోదని ఆయన తేల్చారు. లింగం జీవశాస్త్రపరమైనదన్న అభిప్రాయం సమాజంలో చాలామందికి ఉన్నదేనని, అది అప్పటి చట్టానికి విరుద్ధం కాదని కూడా అన్నారు. అదే తీర్పులో ఆయన గట్టిగా చెప్పిన మరో మాటను రెండు పక్షాలవారూ తరచుగా దాటవేస్తారు. ఈ తీర్పు అర్థం ట్రాన్స్ వ్యక్తులను, అంటే పుట్టుకతో నమోదైన లింగానికి భిన్నమైన జెండర్‌తో తమను గుర్తించుకునేవారిని, ఇష్టం వచ్చినట్టు తప్పు లింగంతో పిలిచే స్వేచ్ఛ దొరికిందని కాదు. పనిచేసే చోట వారిని వేధింపుల నుంచి కాపాడే బాధ్యత యజమానిపై ఎప్పటిలాగే ఉంటుంది.

ఆ తర్వాత కేసు పూర్తి విచారణకు తిరిగి వెళ్లింది. 2022 జులైలో ట్రైబ్యునల్, కాంట్రాక్టు ఇవ్వకపోవడం, ఫెలోషిప్ పొడిగించకపోవడం ఆమె నమ్మకం కారణంగా జరిగిన ప్రత్యక్ష వివక్షేనని తేల్చింది. సంస్థ వెబ్‌సైట్ నుంచి ఆమె పేరున్న పేజీని తీసేయడం ఫిర్యాదు చేసినందుకు చేపట్టిన కక్ష సాధింపు అని కూడా చెప్పింది. ఆమె ట్వీట్లన్నీ ఒక్కొక్కటిగా పరిశీలించి, వాటిలో పదును ఉన్నా అవి బహిరంగ చర్చ హద్దులు దాటలేదని భావించింది. 2023 జూన్‌లో వడ్డీతో కలిపి సుమారు 1,06,400 పౌండ్ల పరిహారం ఖరారైంది. ఉద్యోగం పోయిన నాటి నుంచి ఆ డబ్బు చేతికొచ్చే నాటికి నాలుగున్నరేళ్లు. ఆమె తన పూర్వపు వృత్తిలోకి తిరిగి వెళ్లలేదు.

ఈ కేసు తర్వాత ఒక సంగతి స్థిరపడింది. ఈ నమ్మకానికి చట్ట రక్షణ ఉందా అన్న ప్రశ్న ఇక లేదు. దాన్ని వ్యక్తపరిచిన తీరును బట్టి యజమాని చర్య తీసుకోవచ్చా, తీసుకుంటే ఎంత అన్నదే మిగిలిన ప్రశ్న. ఓడిపోయిన కేసులు ఈ తేడాను గెలిచిన కేసుల కన్నా బాగా చూపిస్తాయి.

డాక్టర్ డేవిడ్ మెకెరెత్ 2018లో బ్రిటన్ కార్మిక, పెన్షన్ల శాఖ తరఫున వైకల్య భత్యం కోరేవారిని పరీక్షించే పనిలో చేరారు. ట్రాన్స్ వ్యక్తులు పరీక్షకు వస్తే వారు కోరుకున్న సర్వనామాలతో ('అతను', 'ఆమె' వంటివి) పిలవడానికి తన క్రైస్తవ విశ్వాసం ఒప్పుకోదని శిక్షణ సమయంలోనే చెప్పారు. 2022 జూన్‌లో అప్పిలేట్ ట్రైబ్యునల్ ఆయన నమ్మకానికి రక్షణ ఉందని ఒప్పుకుంది, అయినా కేసు మాత్రం ఆయన ఓడిపోయారు. అప్పటికే అనారోగ్యంతో, ఆందోళనతో ప్రభుత్వ సాయం కోసం వచ్చిన మనిషికి ఎదురుగా కూర్చున్న వైద్యుడి నోటి నుంచి ఏ మాట రావాలన్నది ఆ ఉద్యోగంలో భాగం. అక్కడ యజమాని ఆంక్ష విధించింది నమ్మకం మీద కాదు, సేవ అందించే పద్ధతి మీద. స్విండన్‌లోని ఒక కళాశాలలో గణితం బోధించే అధ్యాపకుడు ఒక విద్యార్థి ఎంచుకున్న పేరుతో పిలవడానికి నిరాకరించి, తరగతిలో అందరి ముందు వేలెత్తి చూపుతూ ప్రవర్తించిన కేసులో కూడా ఇదే ఫలితం వచ్చింది. ఆయన నమ్మకాన్ని ట్రైబ్యునల్ గుర్తించింది, తొలగింపును తప్పుబట్టలేదు. పదిహేడేళ్ల విద్యార్థికీ పాఠం చెప్పే మాస్టారికీ మధ్య ఉన్న అధికార వ్యత్యాసాన్ని పక్కనపెట్టి ఈ కేసును చూడలేము, చూడకూడదు కూడా.

దీనికి అవతలి ఒడ్డున ఉన్నది క్రిస్టీ హిగ్స్ కేసు. గ్లోస్టర్‌షైర్ కౌంటీలోని ఫెయిర్‌ఫోర్డ్ అనే చిన్న పట్టణంలో ఫార్మర్స్ స్కూల్ అనే మాధ్యమిక పాఠశాల ఉంది. హిగ్స్ అక్కడ విద్యార్థుల బాగోగులు చూసే ఉద్యోగిని. 2018 అక్టోబర్‌లో ఆమె తన ఫేస్‌బుక్‌లో, స్నేహితులకు మాత్రమే కనిపించేలా, ప్రాథమిక పాఠశాలల్లో లైంగిక విద్యను తప్పనిసరి చేసే ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఒక పిటిషన్‌ను పంచుకున్నారు, జెండర్ బోధనను విమర్శించే ఇంకొకరి రాతను కూడా పంచుకున్నారు. ఆ ఖాతాలో ఆమె పెళ్లికి ముందరి ఇంటిపేరే ఉంది, పాఠశాల పేరు ఎక్కడా లేదు. పేరు చెప్పని ఒక వ్యక్తి ప్రధానోపాధ్యాయుడికి ఫిర్యాదు పంపారు. విచారణ జరిగింది. 2019 జనవరిలో తీవ్ర దుష్ప్రవర్తన కింద ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు.

ఇక్కడ తొలగింపుకు యజమాని చెప్పిన కారణాన్ని జాగ్రత్తగా చదవాలి. ఆమె ఏ విద్యార్థినైనా చిన్నచూపు చూశారని పాఠశాల ఆరోపించలేదు. అలాంటి సంఘటన ఒక్కటీ లేదు. ఆ పోస్టులు చదివినవారు ఆమెకు స్వలింగ సంపర్కుల పట్ల, ట్రాన్స్ వ్యక్తుల పట్ల ద్వేషం ఉందని అనుకునే అవకాశం ఉందన్నదే అభియోగం. మొదట ట్రైబ్యునల్ ఈ వాదనను ఒప్పుకుంది. 2023 జూన్‌లో జస్టిస్ ఈడీ అప్పీలులో దాన్ని పక్కనపెట్టి, కేసును మళ్లీ వినమన్నారు. 2025 ఫిబ్రవరి 12న కోర్ట్ ఆఫ్ అప్పీల్ అంతకు మించి ఒక అడుగు వేసి, తానే తేల్చేసింది. పోస్టుల్లో వాడిన భాష మొరటుగా ఉందని, కానీ ఆ మాటలు చాలావరకు ఆమె సొంతం కావని, పాఠశాల పేరుకు నష్టం జరిగినట్టు ఆధారమే లేదని, ఆమె తన పనిలో ఈ అభిప్రాయాలను చూపిస్తారని పాఠశాల విచారణ కమిటీ కూడా నమ్మలేదని, ఇలాంటి స్థితిలో ఉద్యోగం తీసేయడం నిస్సందేహంగా మితిమీరిన శిక్ష అని న్యాయమూర్తి అండర్‌హిల్ రాశారు.

జస్టిస్ ఈడీ 2023 తీర్పులో యజమాని తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. బ్రిటన్‌లో మానవ వనరుల విభాగాలు ఇప్పుడు వీటినే ముందు పెట్టుకుంటున్నాయి. ఉద్యోగి అసలు ఏమన్నారు, ఏ స్వరంతో అన్నారు, ఎంతమంది వింటారని అనుకుని అన్నారు, అది తన సొంత మాటని స్పష్టం చేశారా లేక సంస్థ మాటగా వినిపించే ప్రమాదం ఉందా, ఎవరి హక్కుకైనా నిజంగా భంగం కలిగిందా, మాట అన్నవారికీ పడినవారికీ మధ్య అధికారంలో హెచ్చుతగ్గులు ఉన్నాయా, సంస్థ సేవలందించేవారిలో నిస్సహాయులు ఉన్నారా, చివరగా ఇంతకన్నా తక్కువ చర్యతో సమస్య తీరేది కాదా. హిగ్స్ కేసులో యజమానిని ఓడించింది ఈ చివరి ప్రశ్నే. ఒక మాట మందలింపుతో సరిపోయే చోట తొలగింపు ఉత్తర్వు చేతిలో పెట్టారు.

యజమానులు ఇలా ఎందుకు చేశారన్నదానికి ద్వేషం సరైన వివరణ కాదు, భయం సరైన వివరణ. సమానత్వ చట్టం ప్రకారం ఒక ఉద్యోగి మరో ఉద్యోగిని వేధిస్తే, తగిన నివారణ చర్యలు తీసుకున్నానని చూపించగలిగితే తప్ప, యజమాని కూడా బాధ్యుడే. కాబట్టి ట్రాన్స్ ఉద్యోగి ఒకరు, లేదా వారి తరఫున మరొకరు, బాధపడ్డామని ఫిర్యాదు చేయగానే మానవ వనరుల విభాగం తన సంస్థను కాపాడుకునే పని మొదలుపెడుతుంది. అదే చట్టంలో మరో నిబంధన కూడా ఉందని ఆ తొందరలో మరిచిపోయారు: ఒకరు బాధపడినంత మాత్రాన అది వేధింపు కాదు. పరిస్థితులన్నీ చూసినప్పుడు ఆ మాటకు అంత బాధపడడం సహేతుకమేనా అని కూడా తేల్చాలి. ప్రచార సంస్థల శిక్షణా కార్యక్రమాలు చట్టం ఎలా ఉందో చెప్పకుండా, ఎలా ఉండాలని తాము కోరుకుంటున్నారో చెప్పిన సందర్భాలు ఈ తప్పును ఇంకా పెంచాయి.

ఫిర్యాదు అందిన రోజు నుంచి తుది ఉత్తర్వు దాకా సాగే ప్రక్రియే అసలు శిక్షగా మారిన తీరు రేచల్ మీడ్ కేసులో కనిపిస్తుంది. ఆమె లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ సిటీ కౌన్సిల్‌లో సోషల్ వర్కర్. ఫేస్‌బుక్‌లో ఆమె స్నేహితులు దాదాపు నలభై మంది, ఖాతా బయటివారికి కనిపించదు. ఆ స్నేహితుల్లో ఒకరే ఆమె పంచుకున్న పోస్టులను వృత్తి నియంత్రణ సంస్థ అయిన సోషల్ వర్క్ ఇంగ్లండ్‌కు ఇచ్చారు. ఆ సంస్థ మొదట ఆమెను హెచ్చరించింది, ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ విచారణకు పంపింది. దాన్ని చూసి కౌన్సిల్ ఆమెను సస్పెండ్ చేసి, దాదాపు ఏడాది తర్వాత తుది లిఖిత హెచ్చరిక ఇచ్చింది. అన్నేళ్ల సర్వీసులో ఆమెపై మచ్చ లేదు, సేవలు పొందిన ఒక్క కుటుంబమూ ఆమెపై ఫిర్యాదు చేయలేదు. 2024 జనవరిలో ట్రైబ్యునల్ కౌన్సిల్‌నూ నియంత్రణ సంస్థనూ రెండింటినీ వేధింపుకు బాధ్యులుగా తేల్చింది. పరిహారం 58 వేల పౌండ్లు దాటింది. ప్రభుత్వాధికారాన్ని దుర్వినియోగం చేసినందుకు నియంత్రణ సంస్థపై వేసిన దండనాత్మక పరిహారం కూడా అందులో ఉంది. ఒక వృత్తి నియంత్రణ సంస్థపై అలాంటిది వేయడం చాలా అరుదు.

సోషల్ వర్కర్‌కు, నర్సుకు, డాక్టర్‌కు ఈ ముప్పు మామూలు ఉద్యోగికి కన్నా ఎక్కువ. కంపెనీ తీసేస్తే మరో కంపెనీ చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ పోతే వృత్తే పోతుంది. కాబట్టి నియంత్రణ సంస్థ ఒక ఫిర్యాదును తోసిపుచ్చాల్సిన మొదటి వారంలోనే తోసిపుచ్చకపోతే, ఆ వృత్తిలో ఉన్న మిగతావారందరూ నోరు మెదపకూడదని నేర్చుకుంటారు.

ఓపెన్ యూనివర్సిటీలో నేరశాస్త్ర ప్రొఫెసర్‌గా ఉన్న జో ఫీనిక్స్‌ను ఎవరూ తొలగించలేదు. 2021లో ఆమె జెండర్ క్రిటికల్ దృష్టితో పరిశోధన చేసేవారి కోసం ఒక వేదికను ప్రారంభించగానే, దానికి విశ్వవిద్యాలయం మద్దతు ఉపసంహరించుకోవాలని 368 మంది సహోద్యోగులు బహిరంగ లేఖపై సంతకాలు చేశారు. అంతకు ముందే, క్రిస్మస్ భోజనాల బల్ల దగ్గర కూర్చున్న జాత్యహంకారి చిన్నాన్నతో ఆమెను విభాగంలోని ఒక పెద్ద పోల్చారు. లేఖ రాసే హక్కు ఆ 368 మందికీ ఉన్నదే. కానీ ఆ లేఖ ప్రభావం నుంచి ఆమెను కాపాడడానికి విశ్వవిద్యాలయం ఏమీ చేయలేదు. కాపాడితే ఆమె పక్షం వహించినట్టు కనిపిస్తుందన్న జంకే దానికి కారణమని 2024 జనవరి తీర్పులో ట్రైబ్యునల్ గుర్తించింది. ఆ తర్వాత ఆమె చేసిన రాజీనామాను బలవంతపు తొలగింపుగానే పరిగణించింది. యజమాని చేతులతో వివక్ష చూపనక్కరలేదు, చేతులు కట్టుకుని నిలబడినా బాధ్యత తప్పదని ఈ తీర్పు చెప్పింది.

ఎడిన్‌బరో రేప్ క్రైసిస్ సెంటర్‌లో పనిచేసిన రోజ్ ఆడమ్స్ కేసు ఇంకా బాధాకరం. అత్యాచారానికి గురైన ఒక మహిళ తనకు కేటాయించిన కౌన్సెలర్ స్త్రీయా పురుషుడా అని ఈమెయిల్‌లో అడిగారు. జవాబు ఎలా ఇవ్వాలని ఆడమ్స్ పై అధికారులను అడిగారు. ఆ అడగడమే ఆమెపై క్రమశిక్షణ చర్యకు దారితీసింది. 2024 మేలో ట్రైబ్యునల్ ఆ విచారణను మత ద్రోహుల వేటతో పోల్చింది. అక్కడ ఉద్యోగిని ఒక వాదన వినిపించలేదు, సోషల్ మీడియాలో రాయలేదు. గాయపడి వచ్చిన మనిషికి నిజాయతీగా ఏం చెప్పాలో తెలుసుకోవాలనుకున్నారు, అంతే.

ఈ కేసులు చదివి చట్టం ఒక వైపుకే ఒరిగిందని అనుకోవడం పొరపాటు. 2020లో బర్మింగ్‌హామ్ ట్రైబ్యునల్, జాగ్వార్ ల్యాండ్ రోవర్ కంపెనీలో స్త్రీ పురుష విభజనకు లోబడని గుర్తింపుతో పనిచేసిన ఇంజినీరుకు 'జెండర్ మార్పిడి' లక్షణం కింద రక్షణ ఉందని తేల్చింది. ఆ ఇంజినీరును సహోద్యోగులు నెలల తరబడి ఎగతాళి చేశారు, కంపెనీ పట్టించుకోలేదు. పరిహారం 1,80,000 పౌండ్లు. ఈ కేసునూ ఫోర్‌స్టేటర్ కేసునూ ఒకే కొలతతో చూడవచ్చు. అభిప్రాయం వేరు, ఎదురుగా ఉన్న మనిషిని అదే పనిగా నొప్పించడం వేరు. 2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పులో, సమానత్వ చట్టంలో 'స్త్రీ', 'లింగం' అన్న మాటలకు జీవశాస్త్రపరమైన అర్థమే ఉందని ప్రకటించినప్పుడు కూడా, ట్రాన్స్ వ్యక్తులకు వివక్ష, వేధింపుల నుంచి ఉన్న రక్షణ చెక్కుచెదరలేదని చెప్పింది, దీన్ని ఒక వర్గం విజయంగా, మరో వర్గం పరాజయంగా చూడవద్దని హెచ్చరించింది. జెండర్ గుర్తింపే లింగం కన్నా ముఖ్యమని నమ్మే ఉద్యోగి నమ్మకానికీ ఇదే రక్షణ వర్తిస్తుంది. ఆ తీర్పు తర్వాత ఆఫీసుల్లో గాలి మారి, అటువైపు మాట్లాడినవారిపై చర్యలు మొదలైతే, వారు కూడా ఫోర్‌స్టేటర్ తీర్పునే పట్టుకుని నిలబడవచ్చు. ఆ తీర్పు విలువ అందులోనే ఉంది.

బ్రిటన్‌లో పనిచేసే తెలుగువారికి ఈ విషయం దూరపుది కాదు. అక్కడి ఆసుపత్రుల్లో డాక్టర్లు, నర్సులు, ఐటీ కంపెనీల తరఫున క్లయింటు ఆఫీసుల్లో కూర్చునేవారు ఎందరో ఉన్నారు. సమానత్వ చట్టానికి పౌరసత్వంతో పని లేదు, కాంట్రాక్టు మీద పనిచేసేవారికీ అది వర్తిస్తుంది, వివక్ష కేసుకు ఇన్నేళ్ల సర్వీసు ఉండాలన్న నియమమూ లేదు. కానీ వీసా యజమాని చేతిలో ఉన్నవారికి హక్కు ఉండడానికీ దాన్ని వాడుకోగలగడానికీ మధ్య చాలా దూరం ఉంది. నాలుగున్నరేళ్లు న్యాయపోరాటం చేయడం ఉద్యోగంతో పాటే దేశం విడిచి వెళ్లాల్సి వచ్చే మనిషి వల్ల అయ్యే పని కాదు. అమెరికాలో ఉన్నవారి పరిస్థితి ఇంకా వేరు. అక్కడి రాజ్యాంగంలోని వాక్ స్వాతంత్ర్యం ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది, ప్రైవేటు కంపెనీని కాదు. ఒహాయోలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ట్రాన్స్ విద్యార్థినిని కోరుకున్న సర్వనామంతో పిలవనన్న ప్రొఫెసర్ పక్షాన 2021లో ఫెడరల్ అప్పీల్ కోర్టు నిలిచిందంటే, ఆయన యజమాని ప్రభుత్వం కాబట్టే. ప్రైవేటు కంపెనీ ఉద్యోగికి ఆ తీర్పు ఆసరా కాదు.

భారతదేశంలో ప్రైవేటు ఉద్యోగి రాజకీయ, సామాజిక నమ్మకానికి రక్షణ కల్పించే ప్రత్యేక చట్టం లేదు. రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే 19వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వం నుంచి కాపాడుతుంది. నియామక పత్రంలో నోటీసు గడువు ఇచ్చి తొలగించే షరతు ఉంటే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఫేస్‌బుక్‌లో రాసిన మాటకు ఉద్యోగం పోతే ఆ అధికరణం పట్టుకుని కోర్టులో గెలవడం తేలిక కాదు. ప్రభుత్వోద్యోగులకు ప్రవర్తనా నియమావళి ఉన్నా, ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు వదులుకున్నట్టు కాదని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. ఫేస్‌బుక్ పోస్టు విషయంలో 2020లో త్రిపుర హైకోర్టు కూడా ఒక ఉద్యోగిని పక్షాన అదే మాట చెప్పింది. ఇక ఈ వివాదం మన దగ్గర బ్రిటన్ రూపంలో లేదు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తిస్తూ సుప్రీంకోర్టు 2014లో ఇచ్చిన నల్సా తీర్పు, 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం వచ్చాక కూడా ఉద్యోగాలు పోగొట్టుకుంటున్నది ఎక్కువగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులే. రెండు రాష్ట్రాల్లోని రెండు ప్రైవేటు పాఠశాలలు వరుసగా వద్దనుకున్న ఒక ట్రాన్స్‌జెండర్ ఉపాధ్యాయినికి 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించాల్సి వచ్చింది. ఆమెనైనా, ఆమె గుర్తింపుతో విభేదించి ఫేస్‌బుక్‌లో ఒక వాక్యం రాసిన మరో ఉపాధ్యాయినినైనా, వారు తరగతిలో ఏం చేశారన్నదానితో సంబంధం లేకుండా పాఠశాల తీసేస్తే, ఇద్దరికీ ఒకే తలుపు తెరిచే సాధారణ చట్టం మన దగ్గర ఇంకా రాలేదు. ప్రైవేటు రంగానికి వర్తించే సమగ్ర వివక్ష నిరోధక చట్టం గురించిన చర్చ ఇక్కడ ఎప్పుడు మొదలైనా, నమ్మకాన్నీ జెండర్ గుర్తింపునూ ఒకే జాబితాలో, పక్కపక్కనే చేర్చడంతో మొదలుకావాలి.